నిప్పు లేని మరుగు

మనిషి నిప్పు కనిపెట్టిన రోజును ఎవరూ రాసిపెట్టలేదు. అప్పలసూరి టీ గ్లాసు మీద సాసరు బోర్లించడం మొదలుపెట్టిన రోజూ అలాగే కాలగర్భంలో కలిసిపోయింది. అతను గల్ఫు వెళ్ళిన రెండో ఏడని భార్య కూర్మమ్మ అంటుంది; మూడో ఏడని బావమరిది ధనరాజ్ వాదన. పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. కారణం మాత్రం నిర్వివాదం: ఆవిరి పోకూడదు.

నౌపడ దగ్గరి వేటపల్లెలో పుట్టిన సూరి, గల్ఫులో ఓడలకు ద్రవ గ్యాసు నింపే రేవులో గొట్టాలు బిగిస్తాడు. ఇప్పుడు సెలవులో ఇంట్లో ఉన్నాడు. శుక్రవారం ఫోనులో పరీక్ష. గట్టెక్కితే కంట్రోల్ రూములో కుర్చీ, తప్పితే మళ్ళీ పిలవరు. ప్రశ్న ముందే తెలుసు: ఓడ నింపేటప్పుడు ఆవిరి ఎందుకు లేస్తుంది, దాన్నెలా తగ్గిస్తారు?

"సున్నాకి కింద నూటరవై డిగ్రీల సలి," అన్నాడు సూరి, నాలుగు రోజులుగా అంటున్నట్టే. "సలికి గడ్డ కట్టాల గానీ, మరగడమేటే?"

"ముందు పొయ్యి ఎవులు ఎలిగించినారో కనుక్కో," అంది కూర్మమ్మ.

బుర్రకు విశ్రాంతిగా ఉంటుందని బుధవారం, సంతలో చేపలమ్మే ఆమెకు సాయం చేయబోయాడు. ఖాళీ చేపల పెట్టెలో పొద్దున్నే నాలుగు గుప్పిళ్ళ ఐసు చల్లి మూత వేసి ఉంచడం ఆమె పద్ధతి. సూరికది దుబారాగా తోచింది. పారబోసి, పెట్టె కడిగి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు చేపలూ కొత్త ఐసూ నింపాడు. పాతపట్నం సంతలో మూత తీస్తే సగం నీళ్ళు.

"ఏడి పెట్టెలో ఐసేత్తే నిలుస్తాదేటి మావా? పెట్టె సల్లారినాక గదా సేపలేత్తాను. ఇరవై ఏళ్ళుగా సూత్తన్నావు."

"ఏదో మొక్కు అనుకున్నాను," అన్నాడు సూరి. ఆ నీళ్ళలో వేలు పెట్టి చూసి, "అయితే గేసుకి ఓడే పొయ్యన్నమాట," అన్నాడు.

శుక్రవారం గంభీరంగా సెలవిచ్చాడు: వెచ్చని ట్యాంకు తగిలితే గ్యాసు మరుగుతుంది, కాబట్టి ట్యాంకును ముందే చల్లార్చి, మొదట నెమ్మదిగా నింపాలి, అప్పటికీ లేచిన ఆవిరిని గొట్టంలో ఒడ్డుకు లాగి, మళ్ళీ చల్లార్చి ద్రవం చేయాలి.

ఫోను పెట్టగానే కూర్మమ్మ అడిగింది: "మరి నా ఐసు నీళ్ళని మళ్ళీ గడ్డ సేసీదెవులు?"

సూరి మళ్ళీ అయోమయంలో పడ్డాడు. ఫలితం వచ్చేదాకా తేరుకోలేదు.

కంట్రోల్ రూము ఉద్యోగం వచ్చింది. అక్కడ వాల్వులన్నీ కంప్యూటరే తెరిచి మూస్తుంది. ఎర్ర లైటు వెలిగితే సూరి ఇంజినీరుకు ఫోను చేయాలి.