గోల్‌కీపర్ స్కేట్లకు సాన

దోహాలో ఒక మాల్ లోపల మంచు మైదానం ఉంది. బయట ఎండ మాడ్చేస్తుంటే నేను స్వెట్టర్ వేసుకుని ఆటగాళ్ల స్కేట్లకు సాన పట్టేవాణ్ణి. శుక్రవారాలు అక్కడ నాలుగు హాకీ జట్లు ఆడేవి. మా మాల్ పేరుతో ఆడేది అన్నిటికన్నా అధ్వానం. తెల్ల ఇంజనీర్లు కాలక్షేపానికి పెట్టుకున్న జట్టు. ఒకడి కాంట్రాక్టు అయిపోయి దేశానికి పోతే, వాడి జెర్సీ మీది పేరుకు టేపు అంటించి కొత్తవాడికి తొడిగేవాళ్లు. ఒక జెర్సీ మీద నేనే ఐదు పొరలు లెక్కపెట్టాను.

గోల్‌కీపర్‌గా మాత్రం ఎవడూ నిలిచేవాడు కాదు. గంటసేపు దెబ్బలు తినడానికి ఎవడికి సరదా? అందుకని ప్రాక్టీసులో, మాతో పాటు పనిచేస్తూ నేల తుడిచే జగిత్యాల కుర్రాణ్ణి నిలబెట్టారు. "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ గట్టి రబ్బరు బిళ్లను వాడి మీదికి కొట్టి నవ్వేవాళ్లు. మేమూ నవ్వాం. వాడి తొడలు కమిలి నల్లబడేవి. ఏడాది తిరిగేసరికి వాడు సగానికి పైగా ఆపడం మొదలుపెట్టాడు. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ ఏడాది చివరి మ్యాచ్‌కు వాణ్ణే దింపుతానన్నాడు కెప్టెన్. బాగా ఆడితే పిల్లలకు స్కేటింగ్ నేర్పే ఉద్యోగం ఇస్తానన్నాడు మైదానం మేనేజరు. ఆ ఉద్యోగం కోసం నేను ఆరేళ్లుగా ఆయన చుట్టూ తిరుగుతున్నాను. నాకు కడుపు మండిపోయింది. వాడు అందరి ముందూ పడాలని కోరుకున్నాను.

గోల్‌కీపర్ బ్లేడు కాస్త మొద్దుగా ఉండాలి. అతను పరుగెత్తడు, పక్కలకు జారతాడు. పదునెక్కితే బ్లేడు మంచులో దిగి కాలు పట్టేస్తుంది. సాన పట్టేవాడికి ఇది మొదటి పాఠం. అరిగిపోయిన అద్దె స్కేట్లతో ఏడాది నెట్టుకొచ్చినవాడికి ఏం తెలుస్తుంది? మ్యాచ్ రోజు వాడు కెప్టెన్ ఇచ్చిన కొత్త స్కేట్లు నా చేతిలో పెట్టి, "మంచిగ పట్టన్నా, ఇజ్జత్ కా సవాల్" అన్నాడు.

మంచిగానే పట్టాను. గోరు ఆనిస్తే పొట్టు లేచేంత పదును.

మొదటి దెబ్బకే పక్కకు జరగబోయి బోర్లా పడ్డాడు. బిళ్ల లోపలికి పోయింది. మళ్లీ పడ్డాడు, మళ్లీ పోయింది. సొంత జట్టువాళ్లే కర్రలు మంచుకేసి కొట్టి నవ్వారు. విరామంలో కుంటుకుంటూ నా దగ్గరికే వచ్చాడు.

"కాల్లు జరుగుతలేవన్నా. పదును సాలలేదేమో. ఇంకోసారి పట్టు."

ఒక్క మాట చెబితే సరిపోయేది. అది నోటిదాకా వచ్చింది కూడా. అవతల మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు. నేను మిషన్ ఆన్ చేశాను.

ఈసారి పడ్డప్పుడు మోకాలు మెలిపడింది. ఇద్దరు చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చారు. మేనేజరు ఆట అయ్యేదాకా కూడా ఉండలేదు. ఉద్యోగం నాకూ రాలేదు, ఎవరో మనీలా మనిషిని తెచ్చారు.

ఆ సాయంత్రం మేముండే లేబర్ క్యాంపులో వాడి మోకాలికి నొప్పి మందు నేనే రాశాను. గదిలో అందరూ వింటుండగా అన్నాడు, "అన్న రెండుసార్లు సాన పట్టిండు, పాపం. నా కాల్లల్లనే దమ్ము లేదు."

"గీ ఆట అందరికి రాదు తమ్మీ" అన్నాను.