సార్ కోసం నేను కొన్న ఫుట్ కంట్రోలర్

మా గిటార్ సార్ పోయారు. మొన్న గురువారం పొద్దున సుచిత్ర చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే ఆయన భార్య ఫోన్ చేసింది. "మీ సార్ పోయిండు బిడ్డా" అంది. వెనక ఒకటే హారన్లు. బండి పక్కకు తీద్దామన్నా చోటు లేదు. ఏడుపు రాలేదు గానీ ఒళ్ళంతా నీరసం కమ్మింది. అది ఇంకా దిగలేదు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఫంక్షన్ హాళ్ళలో రిసెప్షన్లకు పాటలు వాయించే ఆర్కెస్ట్రా మాది. ఆయన దగ్గరే నేర్చుకుని, ఆయన పక్కనే ఏళ్ళ తరబడి రెండో గిటార్ వాయించాను. తప్పు వాయిస్తే తిట్టేవారు కాదు. "నీ వేళ్ళు నీ మాట ఇంటలేవురా, ఓ చాయ్ తాపి తీస్కరా పో" అనేవారు.

ఆయన కాళ్ళ ముందు, తొక్కితే గిటార్ మోత మార్చే ఎఫెక్ట్ పెట్టెలు ఐదు వరసగా ఉండేవి. పాట మారినప్పుడల్లా ఒకటి ఆపి, రెండు వేసి, చిందులు తొక్కినట్టే. అదీ వట్టి కాళ్ళతో. "సరస్వతిని చెప్పులతోని తొక్కుతార్రా?" అనేవారు. ఆయన పెట్టెలను ఇంకెవరైనా బూట్లతో తొక్కితే ఆ రోజంతా వాళ్ళతో మాట్లాడేవారు కాదు.

రెండేళ్ళ కింద ఆయన కాలు గురి తప్పి పక్క పెట్టె మీద పడడం మొదలైంది. ఆర్కెస్ట్రా ఓనర్ ఇంకో గిటారిస్టును వెతుకుతున్నాడని మాకు తెలుసు. వాయించడం తప్ప సార్‌కు ఇంకో బతుకు లేదు. అప్పుడు నేనే అన్నాను, మిడి ఫుట్ కంట్రోలర్ కొందామని. పెట్టెలన్నీ దానికే తగిలిస్తే, పాటకొక మీట. ఒక్కసారి తొక్కితే చాలు, అన్నీ అవే మారిపోతాయి.

సికింద్రాబాద్ దుకాణంలో రెండు చూపించారు. ఒకటి పెద్ద పలక, మీటలు దూరం దూరంగా. రెండోది సంచిలో పట్టేంత చిన్నది. సార్ పెద్దదాని ముందే నిలబడ్డారు.

"మీటలు ఎడం ఎడంగున్నయ్. గిదే మంచిగున్నట్టుందిరా."

"గంత బరువు ఎవరు మోస్తరు సార్? బైక్ మీద పట్టనే పట్టదు."

మోసేది నేనే కదా, ఆ విసుగు. బూట్లతోనే చిన్నదాన్ని తొక్కి చూశాను, బాగానే పనిచేసింది. ఆయన్ను తొక్కి చూడమని అనాలని కూడా తోచలేదు. "నువ్వు జూసినవ్ గదా, సాలు తియ్" అన్నారు. చిన్నదే కొన్నాను.

గండిమైసమ్మ దగ్గర రిసెప్షన్‌లో పెద్దలు అక్షింతలు వేస్తున్నారు. మెత్తటి పాట రావాల్సిన చోట గిటార్ ఒక్కసారిగా గర్జించింది. పెళ్ళికూతురు అదిరిపడింది. సార్ గబగబా మళ్ళీ తొక్కారు, మళ్ళీ పక్క మీటే. పాట ఆగాక చూస్తే, ఆ చిన్న కంట్రోలర్ అంచు కోసుకుని ఆయన బొటనవేలు నుంచి రక్తం కారుతోంది.

"సార్, రక్తం!"

వంగి చూసి "అవునా?" అన్నారు. తర్వాత చిన్నగా చెప్పారు. "షుగర్‌తోని కాళ్ళు మొద్దుబారినయ్‌రా. మీట యాడుందో తెలుస్తలేదు."

"మరి నాకెందుకు చెప్పలే సార్?"

"చెప్తే ఓనర్ దాకా పోతది. నువ్వేమో బరువంటివి. ఇగ నిన్నేం పరేషాన్ జేద్దును?"

సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దది తెస్తానంటే "ఇగ ఏదైనా ఒకటే" అన్నారు. తర్వాతి ప్రోగ్రాం నుంచి నా గిటార్ పక్కన పెట్టి, ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆయన తల ఊపితే నేను చేత్తో మీట నొక్కేవాణ్ణి. ఇది కొత్త పద్ధతని ఓనర్‌కు చెప్పాం. నమ్మాడో లేదో, ఇంకో మనిషినైతే తేలేదు.

ఆయన చివరిసారి వాయించింది శామీర్‌పేటలో. ఆఖరి పాటలో తాళం వేస్తూ వేస్తూ ఆయన కాలు జరిగి నా చేతి మీదికి వచ్చింది. ఎవరికైనా కాలు తగిలితే పాట మధ్యలోనైనా సరే, వంగి తాకి కళ్ళకద్దుకునే మనిషి. ఈసారి వంగలేదు. కళ్ళు మూసుకుని హాయిగా వాయిస్తూ, నా చేతి మీదే తాళం వేస్తున్నారు. పాట అయ్యేదాకా నేను చెయ్యి తీయలేదు.