నీలం సూటుకు లేసుల బూట్లు

చిత్తూరు బెల్లం మండీ మునిరామయ్య పెద్దల్లుడు గిరిప్రసాద్‌ను అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. బూట్ల గిరి అంటేనే తెలుస్తుంది. పుట్టింది పూతలపట్టు. చదువు ఇంటర్ దగ్గర మొరాయిస్తే తిరుపతి వచ్చి గాంధీ రోడ్డులో ఒక బూట్ల అంగట్లో చేరాడు. చేరినవాడు మళ్లీ బయటికి రాలేదు. ఓనరు మారాడు, బోర్డు మారింది, గిరికి జుట్టు పలచబడి పొట్ట ముందుకొచ్చింది. అతను మాత్రం అదే పొట్టి స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ల కాళ్లకు బూట్లు తొడుగుతూనే ఉన్నాడు.

ఆ పనిలో అతనికున్న పేరు ఉత్తపుణ్యానికి వచ్చింది కాదు. పెళ్లి కుదిరిన కుర్రాళ్లు సూటు గుడ్డ ముక్కను కవర్లో పెట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వస్తారు. గిరి ఆ ముక్కను అంగడి వాకిట్లోకి తీసుకుపోయి ఎండకు పట్టి చూస్తాడు. లోపల లైట్ల కింద నీలం కూడా నలుపులాగే దొంగవేషం వేస్తుందని అతని వాదన. చూసి తీర్పు చెప్తాడు. బ్రౌన్, టాన్ అంటే కొందరికి తెలియదు కాబట్టి అతని రంగుల పేర్లు వేరు. లేత గోధుమ ప్యాంటుకు కొత్త చింతపండు రంగు, నీలం సూటుకు పాత చింతపండు రంగు, బూడిద రంగుకు నలుపుగానీ నేరేడుపండు రంగుగానీ. నల్ల సూటుకు నల్లబూటు తప్ప ఇంకోటి అడిగితే మాట్లాడడు, డబ్బా మూసేస్తాడు. "బెల్టు బూటుకు సుట్టం, సాక్సు ప్యాంటుకు సుట్టం. సుట్టరికాలు తప్పితే పెండ్లే తప్పినట్టు" అని చివర్న ఒక మాట వదులుతాడు. కొన్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు.

ఇంకొక మాట కూడా తప్పకుండా చెప్తాడు. చిత్తూరు వైపు ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే రిసెప్షన్ పెడతారు. స్టేజి మీద ఫోటోలు దిగేవాళ్లు దిగుతుంటారు, మధ్యమధ్యలో పెద్దవాళ్లు అక్షింతలు పట్టుకుని ఎక్కుతుంటారు. పాత ఇళ్లల్లో కాళ్లకు తోలు ఉండగా అక్షింతలు వేయించుకోనివ్వరు. పెద్దమనిషి ఎక్కినప్పుడల్లా పెళ్లికొడుకు బూట్లు విడవాలి, దిగంగానే తొడుక్కోవాలి. "అందుకే రిసెప్షనుకు లేసులు వద్దప్పా. కాలు పెడితే దూరల్ల, లాగితే రావల్ల" అని లేసులు లేనివే చేతిలో పెడతాడు.

మునిరామయ్య ఇంట్లో కూడా మొన్నమొన్నటిదాకా గిరి మాటకు విలువుండేది. ఆయన తమ్ముళ్లు, వాళ్ల కొడుకులు, ఎవరి ఇంట్లో శుభకార్యమైనా ముందు గిరికి ఫోన్ చేసేవాళ్లు. "మా అల్లుడు సెప్పినాడంటే అయిపాయ" అని మునిరామయ్య మండీలో పదిమందిలో అనేవాడు. ఆయన పెద్దకూతురు జయంతిని చేసుకున్నప్పటినుంచి గిరి ఆ ఇంటికి ఒక్కడే అల్లుడు. ఆ మాట వింటే గిరికి కడుపు నిండిపోయేది. మామ కంటే ఆస్తి తక్కువ, బావమరుదుల కంటే చదువు తక్కువ. ఆ ఇంట్లో అతనికున్న పరువల్లా ఆ ఒక్క మాటే.

అప్పుడు రూపశ్రీకి పెళ్లి కుదిరింది. జయంతి చెల్లెలు. పెళ్లికొడుకు బాలచంద్ర నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో మేనేజరు. వాళ్ల సొంతూరు కూడా ఆ వైపే.

అతను మొదటిసారి ఇంటికి వచ్చిన రోజు గిరి మొహం చూడలేదు, కాళ్లు చూశాడు. బూడిద రంగు ప్యాంటు, దాని కింద నేరేడుపండు రంగు బూట్లు, నడుముకు అదే రంగు బెల్టు. కూర్చున్నప్పుడు ప్యాంటు కొంచెం పైకి లేస్తే సాక్సు కనిపించింది. అది కూడా బూడిద రంగే. గిరికి ఒళ్లు మండింది. ఉద్యోగం పెద్దదంటే సరే. మనిషి పొడుగంటే సరే. కారుందంటే అదీ సరే. బూట్లు కూడా సరిపోవాలా? ఎవడు చెప్పాడు వీడికి?

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. ఆ రోజునుంచి ఇంట్లో గాలే మారిపోయింది. మునిరామయ్య నోట ఎప్పుడూ రాని 'మీరు', 'అల్లుడుగారు' అన్న మాటలు వచ్చాయి. "అల్లుడుగారూ, మీరు ఫ్యాను కింద కూసోండి" అని ఒక పక్క, "గిరీ, మంచినీళ్ల క్యాన్లు వచ్చినాయా సూడు" అని ఇంకో పక్క. అత్త చంద్రకాంతమ్మ నాటుకోడి కూర వండి మెత్తటి ముక్కలన్నీ బాలచంద్ర ఆకులోకి వేసింది. గిరి గరిటె వంక చూస్తూ కూర్చున్నాడు. అది అతని దాకా వచ్చేసరికి పులుసు మిగిలింది.

"మీ నాయన నన్నెప్పుడన్నా మీరన్నాడా?" అని దారిలో బండి నడుపుతూనే జయంతిని అడిగాడు.

"వాళ్లు కొత్తోళ్లు కదా."

"నేనూ ఒకప్పుడు కొత్తోడినే. అప్పుడు కూడా అనలేదే."

జయంతి వెనక కూర్చుని కొంగు చక్రంలో పడకుండా సర్దుకుంది. ఆ తీరు గిరికి ఇంకా మంటెక్కించింది.

బాలచంద్రకు నేవీ బ్లూ సూటు కుట్టించారు. గుడ్డ మెత్తగా, బరువుగా, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కానట్టు ఉంది. మునిరామయ్య ఆ గుడ్డ ముక్కను గిరి చేతిలో పెట్టి, "బూట్లు నీదే బారం నాయనా. మన ఇంటి పేరు నిలబెట్టల్ల" అన్నాడు. పెళ్లికూతురి తరఫునుంచి సూటూ బూట్లూ పెట్టడం వాళ్ల పద్ధతి. గిరి తన పెళ్లికి తొడుక్కున్న సూటు బావమరిదిది. భుజాల దగ్గర వదులై, ఫోటోల్లో తోరణం కట్టినట్టు ఉంటుంది. ఆ సంగతి అతనికి ఆ పూటే గుర్తుకు రావాలా!

మర్నాడు అంగట్లో స్టూలు మీద కూర్చుని ఆ ముక్కను చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. నల్లవి తెచ్చిపెడితే? ముదురు నీలం కింద నలుపు, దూరంనుంచి చూస్తే కాళ్లు ఉన్నాయో లేవో తెలియదు. పచ్చపచ్చగా మెరిసే లేత రంగువి తెస్తే? చుట్టాలు నవ్వుతారు. కానీ నవ్వేది బాలచంద్రను కాదు. "బూట్ల గిరి తెచ్చినాడంట, ఇదేం రంగప్పా" అంటారు. అసూయ ఎంత పెద్దదైనా పేరు దానికంటే పెద్దది. రంగు చెడగొట్టడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు పైఅరలోనుంచి ఒక డబ్బా దించాడు. పాత చింతపండు రంగు. ముక్కు సన్నగా, తోలు నూనె పూసినట్టు. ఆ నీలానికి అంతకంటే బాగా నప్పేది తిరుపతిలోనే లేదు. దానికి సన్నటి గుండ్రటి మైనపు లేసులున్నాయి. ముడి పడితే ఒక పట్టాన రాని రకం. రంగుకు వంక లేదు, సైజుకు వంక లేదు, ధరకు వంక లేదు. గిరి ఆ లేసుల వంక చూసి తనలో తానే నవ్వుకున్నాడు. పాపిష్టి నవ్వు.

ఇంట్లో అందరూ రంగు చూసి మురిసిపోయారు. "ఇదప్పా గిరి అంటే!" అన్నాడు మునిరామయ్య. బాలచంద్ర ఆఫీసుకు రోజూ లేసుల బూట్లే వేసుకునే మనిషి. స్టేజి మీద బూట్లు విడిచే పద్ధతి వాళ్ల వైపు లేదు. "చాలా బాగున్నాయన్నా" అని చెయ్యి పట్టుకుని ఊపాడు. రిసెప్షన్ సాయంత్రం గిరి తనే కింద కూర్చుని, "కొత్తవి కదా, ఊడిపోకుండా" అంటూ ముడి మీద ముడి వేశాడు.

చిత్తూరులో కల్యాణమండపం నిండిపోయింది. గిరి ఐస్‌క్రీము బల్ల దగ్గర మంచి జాగా చూసుకుని నిలబడ్డాడు. మునిరామయ్య అక్క నిర్మలమ్మ కర్ర పొడుచుకుంటూ స్టేజి ఎక్కింది. గుప్పిట్లో అక్షింతలు.

"అబ్బోడా, బూట్లు ఇడువు. తోలు తొడుక్కోని అక్షింతలు ఏపిచ్చుకుంటారా యాడన్నా?"

బాలచంద్రకు మొదట అర్థం కాలేదు. అయ్యాక వంగాడు. బిగుతు సూటు, కొత్త బెల్టు, మైనపు ముడి. గోళ్లతో గీరాడు. ఒంటికాలి మీద ఊగాడు. పడబోతే రూపశ్రీ పట్టుకుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గిరి కడుపులో ఐస్‌క్రీము తినకుండానే చల్లబడింది. ఇన్ని రోజుల మంట మీద బిందెడు నీళ్లు పోసినట్టయింది.

ఆ సుఖం ఎంతసేపు? మునిరామయ్య పాటలవాళ్ల చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"గిరీ! యాడుండావు నాయనా? బిన్నా రా, అల్లుడుగారి బూట్లు ఇప్పల్ల!"

మండపమంతా మోగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. గిరి ఎక్కాడు, మోకాళ్ల మీద కూర్చున్నాడు, తను వేసిన ముడి తనే విప్పాడు. నిర్మలమ్మ దీవించి దిగింది. మళ్లీ తొడిగాడు. ఫోటోకు నలుగురు కుర్రాళ్లు ఎక్కి దిగారో లేదో, మునిరామయ్య చిన్నాయన చిన్నబ్బ వచ్చాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ తొడిగాడు. కిందికి దిగబోతే మామ భుజం పట్టి ఆపాడు. "మాటిమాటికీ పిలిసేదేంది, ఈడనే కూసో. నీకు అలవాటు పనే కదా."

అలవాటు పనే. అంగట్లో రోజుకెంతమంది కాళ్లు పట్టుకున్నా ఏనాడూ చిన్నతనం అనిపించలేదు. ఇక్కడ, తన మామ చుట్టపక్కాలందరి ముందు, తన తర్వాత వచ్చినవాడి కాళ్ల దగ్గర కూర్చుంటే ప్రాణం పోయినట్టుంది. పక్కనున్న పెద్ద తెర మీద కొత్త జంట నవ్వుతూ కనిపిస్తోంది, కింద అంచులో గిరి బట్టతల.

మూడోసారి ఇంకో పెద్దాయన ఎక్కితే, గిరి చెయ్యి చాపేలోపే బాలచంద్ర కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "వద్దన్నా. మీరు నాకంటే పెద్దవాళ్లు, ఇది బాగాలేదు" అని కుర్చీలో కూర్చుని, తనే తంటాలు పడి బూట్లు రెండూ విప్పేశాడు. సాక్సులతోనే లేచి నిలబడ్డాడు. ఆ సాక్సులూ గిరి తెచ్చినవే, సూటు రంగుకు అతికినట్టు సరిపోయాయి. బూట్లు లేని లోటే తెలియలేదు.

"సూడండ్రా, మేనేజరై కూడా పెద్దోళ్ల ముందర ఉత్తకాళ్లతో నిలబడినాడు. ఏం సంస్కారమప్పా!" అంది నిర్మలమ్మ. ఆ మాట వరసనించి వరసకు పోయింది. మునిరామయ్య ఛాతీ విరుచుకుని బూట్లు ఎత్తి గిరి చేతికిచ్చాడు. "ఇవి నువ్వు పట్టుకో. కింద పెడితే ఎవురన్నా ఎత్తుకోని పోతారు."

గిరి బూట్లు పట్టుకుని స్టేజి వారగా నిలబడ్డాడు. కళ్లల్లో కారం కొట్టినట్టుంది. గొయ్యి తవ్వింది తను, పడింది తను, పైకి తేలింది బాలచంద్ర. జయంతి పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

"రిసెప్షనుకు లేసులు వద్దని ఊరందరికీ సెప్పేవాడివి. మా సెల్లెలి మొగుడికి ఎట్ల తెచ్చినావు?"

గిరి చేతిలోని బూట్ల లేసులు సర్దడం మొదలుపెట్టాడు. జయంతి ఇంకో మాట అడక్కుండా అతని మొహంలోకి చూసింది.

ఇంతలో బాలచంద్ర రూపశ్రీని వెంటబెట్టుకుని అతని ముందుకే వచ్చాడు. "అన్నా, మీ దీవెన కూడా కావాలి." ఇద్దరూ వంగి కాళ్లకు మొక్కారు. కెమెరావాడు పరుగెత్తుకొచ్చి ఆ కాళ్లను దగ్గరగా పట్టాడు. పెద్ద తెర నిండా గిరి పాదాలు. వంటశాలలో నీళ్లుంటే తొడుక్కున్న రబ్బరు చెప్పులు, ఒక దానికి పట్టీ దగ్గర పిన్నీసు. మండపం ఘొల్లుమంది. "బూట్ల గిరీ, నీ బూట్లేవప్పా?" అని ఎవరో అరిచారు.

అందరూ నవ్వారు, బాలచంద్ర ఒక్కడే నవ్వలేదు. లేచి గిరి చెవి దగ్గర అన్నాడు: "పొద్దున్నుంచి మా పనుల్లోనే తిరుగుతున్నారు, మీ సంగతి చూసుకునే తీరిక లేకపోయింది. మీదీ నాదీ ఒకటే సైజులా ఉంది. ఇవి వేసుకోండన్నా, మన ఇద్దరం కలిసి ఒక ఫోటో తీసుకుందాం." గిరి వద్దనేలోపే కుర్చీ లాగి కూర్చోబెట్టి, బూట్లు తొడిగి, సూటులో మోకాలు వంచి కింద కూర్చుని లేసులు కట్టడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు.

చప్పట్లు మోగాయి. విజిళ్లు వేశారు. చంద్రకాంతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గిరి కిందికి చూశాడు. తన బూడిద రంగు ప్యాంటు మీద పాత చింతపండు రంగు అతని లెక్కలో తప్పు. ఆ తప్పుతోనే ఫోటోలో పడబోతున్నాడు. ఉద్యోగం ఓర్చుకున్నాడు, కారు ఓర్చుకున్నాడు, సరిపోయే బూట్లు కూడా ఓర్చుకోవాలనుకున్నాడు. కానీ వీడు మంచివాడు కూడానా? వీడి మీద కోపం తెచ్చుకోవడానికి ఇంకేం మిగిల్చాడు? గిరి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతో అనుకున్నారు అందరూ. జయంతి మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది.

ఫోటో అయిపోయింది. మునిరామయ్య చిన్నల్లుడి భుజం తట్టి, పెద్దల్లుడి వైపు తిరిగాడు.

"గిరీ, బంతికాడ వడ్డించేవాళ్లు సాలలేదంట, పో నాయనా. ఆ బూట్లు ఇప్పి పెట్టి పో. సాంబారు పడతాది."