కిటికీ ఊచకు అడ్డం పెట్టిన చెయ్యి

అది రెండువేల ఎనిమిదో తొమ్మిదో సంవత్సరం. తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కాను. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళున్నారు. కిటికీ పక్కనున్న మనిషి నోటి నుంచి కారుతున్న చొంగను రెండో ఆయన తువ్వాలుతో తుడుస్తున్నాడు. నా పక్కనున్న ఆసామి ఆ తుడుస్తున్నాయన్ని గుర్తుపట్టాడు.

“ఏవండీ, కిక్‌బాక్సింగ్ ఆడేది మీరే కదండీ? భీమవరంలో మీ ఆటలన్నీ చూశానండి. మంచి ఊపులో ఉండగా మానేశారేంటండీ? ఇంట్లో ఆవిడ వద్దన్నారా ఏంటి?”

ఆయన నవ్వాడు. దేన్నయినా లెక్క కట్టడం నాకలవాటు. ముప్పై దాటని వయసు, సడలని భుజాలు చూసి, ఇంకో అయిదేళ్ళు తేలిగ్గా ఆడేవాడని నేనూ మనసులో తేల్చాను.

“నా ఆఖరాట చూశారాండీ?” వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

“చూడకపోవడమేంటండీ! ఒక్క తన్నుకే అవతలోడు పడిపోయాడు. మళ్ళీ లేస్తే ఒట్టు. నేనెన్ని ఈలలేశాననీ!”

“ఆ అవతలాయన ఈయనేనండి. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. మొన్నటిదాకా వాళ్ళమ్మగారు తీసుకెళ్ళేవారు. ఆవిడ పోయారండి.”

బస్సు గోతిలో పడబోతుండగానే ముందు సీట్లోని ఆయన చెయ్యి కిటికీ ఊచకూ ఆ తలకూ మధ్యకు వెళ్ళింది. తల వెళ్ళి అరచేతికి తగిలింది.

ఏలూరుదాకా రోడ్డంతా గోతులే. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఆ తల ఒక్కసారి కూడా ఊచకు తగల్లేదు. దిగేటప్పుడు చూశాను, ఆయన వేళ్ళ కణుపులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి.