దులిపిన మల్మల్ గుడ్డ

నా చిన్నప్పుడు నేను అద్దంలో చూసుకుని జడ వేసుకున్న రోజులు తక్కువ. మా తాతయ్య పాలిష్ పట్టిన కారు తలుపు ముందు నిలబడి వేసుకునేదాన్ని. పురానాపూల్ దగ్గర మా ఇంటి ముందే ఆయన రేకుల షెడ్డు ఉండేది. అఫ్జల్‌గంజ్ వ్యాపారులు, బహదూర్‌పురా వైపు డాక్టర్లు తమ నల్ల కార్లను ఆయన దగ్గరికే తెచ్చేవారు. తెల్ల కారుకు ఎవరైనా పాలిష్ పట్టగలరు కానీ నల్ల రంగు మీద చిన్న తప్పు కూడా దాగదు. అందుకే ఆయనను అందరూ ఉస్తాద్ అని పిలిచేవారు. వాళ్ళు అలా పిలిస్తే ఆయనకేమో గానీ నాకు మాత్రం మహా పొగరుగా ఉండేది.

నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆయన కళ్ళకు మోతిబిందు వచ్చింది, శుక్లాలు కమ్మి చూపు మసకేసింది. ఆపరేషన్ అంటే ఆయనకు చచ్చేంత భయం. ఒకరోజు ఎదురుగా ఉన్న మైనం డబ్బా కోసం నేలంతా తడుముకుంటుంటే చూశాను. నేను చూశానని ఆయనకు తెలిసిపోయింది. పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"గీ ముచ్చట మన ఇద్దరి నడుమనే ఉండాలె బిడ్డా. కండ్లు పోయినయని ఎరుకైతే నాకు నల్ల కారు ఎవ్వరిస్తరు?" అన్నాడు.

అప్పటి నుంచి ఆయన కళ్ళు నేనే. బడి నుంచి రాగానే సంచీ పడేసి, కారు పక్కన వంగి, ఏటవాలు వెలుతురులో రంగు మీద చూపు పరిచి, ఇక్కడ గీత ఉంది, అక్కడ మసక ఉంది అని చెప్పేదాన్ని. మిగతాది ఆయన వేళ్ళు చూసుకునేవి. పలుచటి మల్మల్ గుడ్డను రంగు మీద పరిచి, దాని మీద నుంచి వేళ్ళు పోనిచ్చేవాడు. ఉత్త వేళ్ళకు అందని గరుకు గుడ్డ మీద నుంచి అందుతుంది. నేను నమ్మకపోతే నా చేయి పట్టి చూపించాడు. నిజమే, ఆవగింజలో పదో వంతు లేని దుమ్ము కూడా వేలికి తగిలింది. అంత సంబరం నాకు ఏ బొమ్మా ఇవ్వలేదు.

ఆయన పనిలో కొన్ని పట్టింపులు ఉండేవి. గుడ్డను ఎప్పుడూ నిలువుగానే నడపాలి, గుండ్రంగా తిప్పకూడదు. ఒక మడత మాసితే వెంటనే ఇంకో మడత తీయాలి. గుడ్డ కింద పడిందా, ఎంత కొత్తదైనా సరే, ఇక దాన్ని రంగుకు తాకించకూడదు. చక్రాలు తుడవడానికి పక్కన పెట్టేయాలి. ఇవన్నీ ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఇంకొక అలవాటు కూడా ఉండేది. కారు అప్పగించే రోజు పొద్దున్నే మంగలి దగ్గరికి వెళ్ళి గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవాడు. పెళ్ళికూతుర్ని సాగనంపే తండ్రిలా ఉన్నావని నాయనమ్మ ఎగతాళి చేసేది.

ఆ ఏడు చలికాలంలో అఫ్జల్‌గంజ్ సేట్ ఒకాయన తన తండ్రి నాటి నల్ల కారును తీసుకొచ్చాడు. పాత కార్ల ప్రదర్శనలో దాన్ని నిలబెట్టాలని ఆయన కోరిక. అప్పటికే ఎవరో ఏదో చెప్పి ఉంటారు, తాతయ్య ముఖంలోకి కాసేపు తేరిపార చూశాడు.

"క్యా ఉస్తాద్, కండ్లు మంచిగనే ఉన్నయి గదా?"

"నీ కారు మీద చీమ నడిచినా నాకు ఎరుకైతది సేట్. ఫికర్ జేయకు," అని తాతయ్య నవ్వాడు. సేట్ వెళ్ళిపోయాక ఆ నవ్వు కూడా పోయింది. ఈ ఒక్క కారు బాగా కుదిరితే అనుమానాలన్నీ తీరిపోతాయని, లేకపోతే షెడ్డు మూసుకోవడమేనని నాకు చెప్పాడు. పదేళ్ళ పిల్లకు చెప్పే మాట కాదు. కానీ ఆయనకు చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

ఆరు రోజులు పని చేశాం. ఆ కారు రంగు ఏళ్ళ తరబడి రుద్ది రుద్ది పలచబడిపోయి ఉంది. ఇంకోసారి గట్టిగా రుద్దితే అడుగునున్న ఎర్ర పూత బయటపడుతుందని, చేయి తేలిగ్గా ఉండాలని పదే పదే అనేవాడు. ఆఖరి పూట మైనం పట్టి తుడిచాక నేను బానెట్ మీదకి వంగి చూస్తే, నా ముక్కుపుడక రాయి కూడా అందులో మెరిసింది. ఆ సంగతి చెబితే తాతయ్య నా తల నిమిరాడు.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఆయన మంగలి దగ్గరికి వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే కారు దగ్గర ఉన్నాను. ఊరుకోవచ్చు కదా! ఆయన వచ్చేసరికి ఇంకాస్త మెరిపించి ఉంచుదామని బుద్ధి పుట్టింది. ఉతికి పెట్టిన మల్మల్ గుడ్డ ఒక్కటే మిగిలింది. అది తీసేటప్పుడు చేయి జారి నేల మీద పడింది. తీసి గట్టిగా రెండుసార్లు దులిపాను. అటూ ఇటూ తిప్పి చూశాను. తెల్లగానే ఉంది. ఇంకేం, బానెట్ అంతా తుడిచాను. సంతోషంలో చేయి గుండ్రంగా తిరుగుతోందన్న ధ్యాస కూడా లేదు. షెడ్డు నీడలో అది అద్దంలాగే కనిపించింది.

సేట్, ఆయన డ్రైవరు వచ్చి కారును ఎండలోకి తోశారు. అప్పుడు బయటపడింది. బానెట్ నిండా సుడులు సుడులుగా గీతలు, పీచుతో తోమిన స్టీలు గిన్నె మీద లాగా. సరిగ్గా అప్పుడే తాతయ్య నున్నటి చెంపలతో, తెల్ల చొక్కాతో, నవ్వు ముఖంతో గల్లీ మలుపు తిరిగాడు.

"ఎట్లున్నది సేట్?" అని దూరం నుంచే అడిగాడు.

సేట్ మెల్లగా, "ఏంది ఉస్తాద్ ఇది? గీతలన్నా కనబడ్తలేవా నీకు?" అన్నాడు.

తాతయ్య జేబులోంచి రుమాలు తీసి బానెట్ మీద పరిచి వేళ్ళు పోనిచ్చాడు. ఒకచోట ఆగాయి. మళ్ళీ కదిలాయి, ఆ సుడుల వెంటే, గుండ్రంగా. యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా గుండ్రంగా తుడవని చేయి అది. ఆయన తల నేనున్న వైపు తిరిగింది. నా ముఖం ఆయనకు కనిపించదని నాకు తెలుసు. అయినా నేను తల దించుకున్నాను.

"నాకు చూపు లేదు సేట్. ఏడాదాయె. గుడ్డ కింద వడ్డది సూసుకోలె. తప్పు నాదే," అన్నాడు.

అంత జాగ్రత్తగా దాచుకున్న మాటను వీధిలో పదిమంది ముందు ఆయనే చెప్పేశాడు. నేనే చేశానని ఒక్క మాట అంటే చాలు. చిన్నపిల్ల, తెలియక చేసిందని వదిలేసేవారు. ఆయన ఉస్తాద్‌గానే ఉండేవాడు. నేను ఆ మాట అనలేదు. సేట్ చెడ్డవాడు కాదు, ఒక్క మాట కూడా తూలలేదు. ముందే చెబితే బాగుండేది కదా అని మాత్రం అని, ఆ గీతల బానెట్‌తోనే కారు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. ఆ మల్మల్ గుడ్డను తెప్పించి, తెల్లటి పింగాణీ గిన్నెలో నీళ్ళు పోయించి, అందులో వేసి పిసకమన్నాడు. కాసేపు ఆగి గుడ్డ తీసేసి, గిన్నె అడుగున వేలు పెట్టి చూడమన్నాడు. నాలుగైదు ఇసుక రేణువులు తగిలాయి.

"దులిపితే పోయిందనుకుంటం బిడ్డా. గట్ల పోదు. గుడ్డల్నే ఉంటది," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అడిగిందీ లేదు. నేను చెబుతానేమోనని కాసేపు ఎదురుచూశాడని ఇప్పుడు అనిపిస్తుంది. నేను గిన్నెలోకే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆయనే నా వేళ్ళు తుడిచి, అన్నానికి పొమ్మన్నాడు.

ఆ తరువాత మా షెడ్డుకు నల్ల కారు రాలేదు. కొన్నాళ్ళకు ఏ కారూ రాలేదు. మంగలి రెండు మూడుసార్లు ఇంటికొచ్చి, ఉస్తాద్ ఎందుకు రావడం లేదని అడిగి వెళ్ళాడు. అప్పగించే కారు లేనిదే గడ్డం ఎందుకని తాతయ్య అన్నాడు. ఆ గడ్డం అలాగే పెరిగింది. గడప మీద కూర్చుని, రోడ్డు మీద పోయే కార్ల చప్పుడు విని అది ఏ కారో చెప్పేవాడు. రెండేళ్ళు అలా గడిపి వెళ్ళిపోయాడు. ఆ రెండేళ్ళలో ఎన్ని సాయంత్రాలు ఆయన పక్కనే కూర్చున్నానో లెక్కలేదు. ఒక్కరోజు కూడా చెప్పలేకపోయాను.

మొన్న మా మనవరాలు తన కారుకు మెరుగు పెట్టించడానికి ఒక దుకాణానికి తీసుకెళితే నేనూ వెంట వెళ్ళాను. పెద్ద పెద్ద లైట్లు, రకరకాల మిషన్లు. పనివాడి చేతిలోంచి గుడ్డ జారి పడింది. అతను దాన్ని దులపలేదు. పక్కనున్న బుట్టలో పడేసి, కొత్తది తీసుకున్నాడు. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. మా మనవరాలు కంగారుపడిపోయింది. ఏం చెప్పను దానికి?

ఇప్పటికీ మా ఇంట్లో గుడ్డ కింద పడితే నేను దులపను. నీళ్ళలో వేస్తాను. కాసేపటికి తీసేసి గిన్నె అడుగున వేలు పెట్టి తడుముతాను. ఇసుక తగులుతుంది. అప్పుడు, ఇంట్లో ఎవరూ వినకుండా, ఆ రోజు చెప్పాల్సిన మాట చెబుతాను. "నేనే తాతా. గుడ్డ నేనే పడేసిన."