పట్ట కట్టి దూకే సైలస్

సండూరు రోడ్డు వారన, ఇనుపరాయి గుట్టలు పోసి లారీలకెత్తే ప్లాటులో మా చర్చి సంఘపు సైలస్ మామది లారీలకు పట్ట కట్టే పని. రాయిగుట్ట మీంచే లోడు మీదికి అడుగు వేసేవాడు. లారీ కొంచెం ముందుకు జరిగాక టార్పాలిన్ పట్టను నాలుగు వైపులా లాగి, తాడు బిగించి, పైనుంచి దూకేవాడు. తూకం షెడ్డులో ఒక నిచ్చెన ఉండేది కానీ, రాయి రేవుకెళ్లి ఓడల్లో చైనాకు ఎగబడి పోతున్న 2006లో దాన్ని తెచ్చి ఆనించేంత తీరిక ఎవరికీ లేదు. ఆయన కాలు నేలను తాకకముందే డ్రైవరు గేరు వేసేవాడు, వెనక లారీ హారన్ కొట్టేది.

ఆగస్టులో ఒకనాడు కాలు కర్రలా చాచి దూకాడు. కుడిపాదం రాళ్ల మధ్య ఆగిపోయింది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగింది. మోకాలి లోపల ఏదో టప్పుమంది. సాయంత్రానికి మోకాలు వాచి ప్యాంటు పట్టలేదు.

భార్య రాహేలు ఆయన్ను బళ్లారి గాంధీనగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"మోకాళ్లు, తుంటి వంచి దూకితే బరువు కండలు తీసుకుంటాయప్పా," అన్నాడు డాక్టరు. "చాచిన కాలి మీద పడి మెలి తిరిగితే, ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు తెగుతుంది. నీకు తెగిపోయింది. ఇప్పుడు కీలు వదులైంది. దూకినప్పుడల్లా మధ్యలో గుజ్జు నలిగి చీలుతుంది. ఆ చీలిన ముక్క ఇరుక్కుంటే కాలు చాపలేవు. ఇంక దూకొద్దు."

మూడు వారాల్లో వాపు తగ్గింది. దాన్నే నమ్ముకుని సైలస్ మళ్లీ పట్టలెక్కాడు, ఇన్నాళ్లు రానిదానికి ఇంటి దగ్గర జారిపడ్డానని ప్లాటులో చెప్పాడు. కుంటినవాణ్ణి మేస్త్రి గిద్యోను మర్నాటి నుంచి రానివ్వడు. ఆ గిద్యోనే మా సంఘ పెద్ద కూడా. ఆదివారం ఇద్దరూ ఒకే జంఖానా మీద కూర్చుంటారు. మా మందిరంలో ప్రార్థనకు అందరం మోకరిస్తాం, ఒక్కడు కూర్చుని ఉంటే ఎందుకని అడుగుతారు. అందుకే సైలస్ పళ్లు బిగించి ప్రతి ఆదివారమూ మోకరించాడు.

డిసెంబరులో ఒక ఆదివారం ఆమేన్ అన్నాక పాటకు అందరూ లేచారు. సైలస్ లేవలేదు. ముఖం చెమటతో తడిసింది. పాస్టరు అయ్యగారికి అది వేరేగా తోచింది.

"సహోదరుడు ఇంకా దేవునితో మాట్లాడుతున్నాడు. మనమూ మళ్లీ మోకరిద్దాం," అన్నాడు.

అందరూ మోకరించారు. రాహేలు మాత్రం ఆడవాళ్ల వైపు నుంచి లేచి, ఎన్నడూ లేనిది, మగవాళ్ల మధ్యకు వచ్చింది.

"ప్రార్థన కాదయ్యగారూ. కాలు ఇరుక్కుండాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. గిద్యోను తల తిప్పాడు.

"ఎన్నాళ్లనించి?"

"ఆగస్టు నించి," అన్నాడు సైలస్.

"నాకెందుకు చెప్పలేదప్పా?"

"చెప్తే రావద్దంటావని."

అందరి ముందూ గిద్యోను కాదనలేకపోయాడు. "నిచ్చెన ఏపిస్తాలే. దాని మీంచి దిగుదువు," అన్నాడు.

రాత్రికి కాలు ఇరుకు వదిలింది గానీ మోకాలు సరిగా వంగలేదు. సోమవారం నిచ్చెన వచ్చింది. సైలస్ ఒక్కో మెట్టూ రెండు పాదాలూ ఆనించి దిగుతుంటే డ్రైవరు దుర్గప్ప కేకలేశాడు.

"ఏంది సైలసప్పా, పెండ్లికొడుకు మాదిరి దిగుతాండావు! బేగ, బేగ!"

గురువారం తాడు ముడివేసి చూస్తే నిచ్చెన లేదు. కింద గిద్యోను తల ఎత్తకుండా నిలబడ్డాడు.

"ప్లాటు సావుకారు ఒప్పుకోలేదప్పా. లైను నిలబడిపోతాండాది. ఈ ఒక్కసారికి దూకు. మెల్లగ, మోకాళ్లు వంచి."

సైలస్ నేల వైపు చూశాడు. ఎర్రమట్టి, చక్రాలు దిగిన గాడులు, వాటిలో రాళ్లు. సరిగా వంగని మోకాలిని చేత్తో పట్టుకుని పట్ట మీదే కూర్చున్నాడు.

"నిచ్చెన వచ్చేదాకా ఈడనే ఉంటా."

"లారీ కదిలితే?"

"నన్నేసుకొనే పోనీ, రేవు దాకా."

దుర్గప్ప ఇంజను ఆపాడు. హారన్లు మలుపు దాకా పాకాయి. గిద్యోను షెడ్డు వైపు నడిచాడు. తిరిగొచ్చినప్పుడు భుజాన నిచ్చెన ఉంది. వెనకాల, సిరిగేరి ఊరి వరిమళ్లు వదిలి ప్లాటుకు పని వెతుక్కుంటూ వచ్చిన మౌనేష్ అనే కుర్రాడు ఉన్నాడు. తాడు కోయకుండా అరచేతులకు అప్పటికే గుడ్డ చుట్టుకున్నాడు.

సైలస్ దిగాడు. గిద్యోను నిచ్చెన తీసేశాడు. "రేపు రావద్దు" అని ఎవరూ అనలేదు. మౌనేష్ గుట్ట మీంచి తర్వాతి లారీ మీదికి అడుగు వేశాడు.

"మోకాళ్లు వంచి దూకప్పా," అని సైలస్ కిందనుంచి అరిచాడు.

హారన్లలో అది పైకి అందలేదు. పట్ట బిగించి మౌనేష్ అంచుకొచ్చి, కాళ్లు చాచి దూకాడు.