తడి కొంగు

మా సురంగల్‌లో ఓడ ఎక్కిన మనిషి మా మేనత్త ప్రేమమ్మ ఒక్కతే. గండిపేట చెరువులో పుట్టిపడవ ఎక్కి వచ్చినవాళ్ళు కూడా సముద్రం ఈదినట్టు మాట్లాడే ఊరు మాది. ఆమె బొంబాయిలో ఓడ ఎక్కి ఇంగ్లండు సీమ దాకా పోయి వచ్చి కూడా నోరు మెదపలేదు. ఎవరైనా మరీ పట్టుబడితే, "నీళ్ళే. ఇంకేముంటయి?" అనేది. ఊరివాళ్ళు ఆమెకు ఓడ ప్రేమమ్మ అని పేరు పెట్టి, ఆమె చెప్పని కథలన్నీ తామే అల్లుకున్నారు.

నాకు మాత్రం ఒకసారి చెప్పింది. నా చంటిపిల్లకు వాంతులు పట్టుకుని, నేను నీళ్ళ చెంబు దూరంగా జరిపిన రోజున చెప్పింది.

మేనత్తకు దయానందం అని ఒక్కడే కొడుకు ఉండేవాడు. ఆమె భర్త, మా మామ శాంతయ్య చనిపోయే నాటికి వాడింకా పాలు తాగే పిల్లవాడు. నడక వచ్చి, మాటలు వచ్చి, ఇల్లంతా తిరిగే వయసులో ఒక ఎండాకాలం వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కక్కే పిల్లలకు నీళ్ళు పోస్తే ప్రాణం పోతుందని మా పక్క పెద్దవాళ్ళు చెప్పేవారు. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో తెలియదు కానీ, బైబిల్లో రాసి ఉన్నంత గట్టిగా నమ్మేవారు. మేనత్త కూడా నమ్మింది.

అందరికంటే గట్టిగా నమ్మింది ఆమె అత్త పద్మమ్మ. ఆమెను చెడ్డదనుకోకండి. మనవడంటే ఆమెకు ప్రాణం. అందుకే నీళ్ళ కుండ ముందు అడ్డంగా కూర్చుని, ఏడుస్తూనే దాని మీద చేయి వేసి పట్టుకుంది. పిల్లవాడు "అమ్మా, నీళ్ళు" అని అడుగుతూనే ఉన్నాడు. మేనత్త కొంగు తడిపి వాడి పెదవులు తుడవబోతే, వాడు ఆ కొంగును నోటితో పట్టుకుని చప్పరించాడు. పద్మమ్మ గబుక్కున లాగేసింది.

"పాణం తీస్తవా బిడ్డా? జర ఓర్చుకో" అంది.

గూడుబండి కట్టుకుని చేవెళ్ళ దవాఖానాకు బయలుదేరారు. పిల్లవాడు దారిలోనే పోయాడు.

తరువాత మేనత్త చేవెళ్ళలో ఒక తెల్లదొరల బంగళాలో పిల్లలను చూసుకునే పనికి కుదిరింది. ఆ ఇంట్లో పెద్దపాప, చిన్నబాబు అని ఇద్దరు పిల్లలు. వాళ్ళ అసలు పేర్లు మేనత్తకు చివరిదాకా నోరు తిరగలేదు. చిన్నబాబును ఆమె చంకనుంచి దించేది కాదు. పందొమ్మిది వందల ముప్పై ఆరులోనో ఏడులోనో ఆ కుటుంబం సెలవు మీద సీమకు పోతూ ఆమెను కూడా రమ్మంది. అప్పటికి చిన్నబాబుకు దయానందం పోయిన వయసు వచ్చింది. వద్దని ఊరంతా అన్నా ఆమె వినలేదు. శంకర్‌పల్లిలో రైలెక్కింది.

అవి వానకాలం మొదటి రోజులు. బొంబాయి రేవు దాటగానే సముద్రం ఓడను చేటలో బియ్యం చెరిగినట్టు చెరిగిందట. దొరా, దొరసానీ పక్కల మీద నుంచి తల ఎత్తలేకపోయారు. పెద్దపాపను మాత్రం మేనత్త కాపాడుకుంది. గూడుబండిలో వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పుతుందని, ముందుకు తిరిగి ఎడ్ల కొమ్ముల మధ్య నుంచి దారి చూసే పిల్లలకు తిప్పదని మావాళ్ళందరికీ తెలుసు. ఓడకు ఎడ్లు లేవు. అయినా పాపను పైకి తీసుకుపోయి, గాలి తగిలేచోట ఓడ పోయే దిక్కుకే కూర్చోబెట్టి, నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండమంది. కడుపు నిండా తిననివ్వలేదు, ఖాళీగానూ ఉంచలేదు. ఇంటి నుంచి తెచ్చిన ఎండు రొట్టె ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరించమంది. పాప ఒక్కసారి కూడా కక్కలేదు.

చిన్నబాబును మాత్రం దొరసాని తన దగ్గరే ఉంచుకుంది. గాలి ఆడని గది, రంగు వాసన, తల్లి కక్కుతుంటే పక్కన పిల్లవాడు. వాడికి వాంతులు మొదలై ఇక ఆగలేదు. ఓడ డాక్టరు వచ్చి చూసి, చెంచాతో కొద్దికొద్దిగా నీళ్ళు పట్టమని చెప్పి, మరో గదికి పోయాడు. ఆ రోజు ఓడలో సగం మంది పడకల మీదే ఉన్నారు.

"నీళ్ళు పట్టు ప్రేమమ్మా, డాక్టరు చెప్పిండు" అంది దొరసాని కళ్ళు మూసుకునే.

"పడుతున్న దొరసానమ్మా" అంది మేనత్త.

పట్టలేదు. గ్లాసులో నీళ్ళు పోసుకోవడం, చెంచా చప్పుడు చేయడం, దొరసాని అటు తిరగగానే తొట్టిలో వంచేయడం. పొద్దుటి నుంచీ ఇదే పని. ఆదివారం గుడి మానని మనిషి, అబద్ధమంటే చెంపలు వేసుకునే మనిషి, ఆ పిల్లవాడిని బతికించుకోవడానికే ఆ అబద్ధమాడింది. డాక్టరు చదువుకున్నవాడే కానీ, కన్నతల్లి అయి కూడా తాను నీళ్ళు పోయొద్దన్న మాట మీద అంత కఠినంగా నిలబడి కొడుకును పోగొట్టుకుంది కదా. ఆ మాటే తప్పని ఒప్పుకుంటే దయానందం ఏమైనట్టు? నీళ్ళు పోయకపోవడం వల్లే వాడు పోయాడని ఒప్పుకోవాలి. ఆమె చేయి ఆడకపోవడానికి అసలు కారణం అదే.

మధ్యాహ్నం దాటేసరికి చిన్నబాబు నీళ్ళు అడగడం మానేశాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. ఏడుస్తున్నాడు కానీ కన్నీళ్ళు రావడం లేదు. మేనత్త కొంగు తడిపి వాడి మూతి తుడవబోయింది. వాడు ఆ కొంగును పళ్ళతో పట్టుకుని చప్పరించాడు.

ఈసారి కొంగు లాగేసేవాళ్ళు ఎవరూ లేరు.

"లాగనీకి నా చెయ్యే రావాలె. రాలేదు బిడ్డా" అని చెప్పింది నాతో.

ఆమె చెంచా తీసుకుని ఒకసారి పోసింది. పోసి, వాడి ముఖమే చూస్తూ, ప్రాణం పోతుందేమోనని కూర్చుంది. పోలేదు. ఇంకో చెంచా పోసింది. వాడు కక్కాడు. అయినా కాసేపాగి మళ్ళీ పోసింది. అట్లా పోస్తూ పోస్తూ ఉండగా సాయంత్రానికి ఆమె ఒడి తడిసింది. పిల్లవాడు ఉచ్చ పోశాడు. పైనుంచి దిగి వచ్చిన పెద్దపాప బుగ్గలో ఉన్న రొట్టె ముక్క చూసి తనకూ కావాలని చేయి చాచాడు.

అప్పుడు మేనత్త ఏడ్చింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. దొరసాని అతికష్టం మీద తల ఎత్తి, "ఏడవకు ప్రేమమ్మా, దేవుడు మన బాబును కాపాడిండు" అంది. మేనత్త అవునని తల ఊపింది. బాబు బతికినందుకు సంతోషం లేదని కాదు. కానీ ఆ ఏడుపు ఈ పిల్లవాడి కోసం కాదు. చెంచాడు నీళ్ళకు బతికే కొడుకును మట్టిలో పెట్టి వచ్చానని ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది.

మర్నాటి నుంచి ఇద్దరు పిల్లలనూ గదిలో ఉండనివ్వలేదు. తిరుగు ప్రయాణంలో ఇంకో కుటుంబం పిల్లలను అప్పగిస్తే, వాళ్ళనూ ఓడ పోయే దిక్కుకే కూర్చోబెట్టి, ఎండు రొట్టె పెట్టి, నీళ్ళు పట్టి క్షేమంగా బొంబాయి చేర్చింది. ఊరికి వచ్చాక పద్మమ్మ అడిగింది.

"సముద్రం మీద పిల్లలకేం కాలేదా బిడ్డా?"

"ఏం కాలేదత్తమ్మా."

యుద్ధం రోజుల్లో మా దారిన బొగ్గు బస్సు నడిచేది. పెట్రోలు దొరక్క వెనక బొగ్గుల పొయ్యి తగిలించుకుని తిరిగే ఆ బస్సు పొగకు పెద్దవాళ్ళకే తల తిరిగేది. పద్మమ్మకు కళ్ళు మసకబారితే పట్నం దవాఖానాలో చూపిద్దామని మేనత్త ఆమెను ఆ బస్సులో తీసుకుపోయింది. మొయినాబాద్‌లో బస్సు ఆగిపోయింది. చేవెళ్ళ కోమట్ల కోడలు భాగీరథి దిగి, రోడ్డు పక్కన పిల్లను ఒళ్ళో వేసుకుని ఏడుస్తోంది. పిల్ల దారి పొడుగునా కక్కి వడలిపోయింది. ఆమె చెంబులో నీళ్ళున్నాయి. పోయడానికే భయం.

మేనత్త వాళ్ళను ముట్టుకోకుండా, మా చేతి నీళ్ళు వాళ్ళు తాగరు కనుక, ఎడంగా నిలబడింది.

"మీ చెంబుల నీళ్ళే పొయ్యమ్మా. వేళ్ళు తడిపి చుక్క చుక్క నోట్లె విడువు. కక్కితే కక్కనియ్యి, మల్ల పొయ్యి. ఏం ఫికర్ లేదు, నేనున్న."

డ్రైవరు బొగ్గులు రాజేసి తిప్పలు పడి బస్సును మళ్ళీ కదిలించేసరికి పిల్ల కళ్ళు తెరిచింది. మేనత్త వాళ్ళను ముందు సీటులో దారి కనబడేటట్టు కూర్చోబెట్టించింది. పట్నం దాకా పిల్ల మళ్ళీ కక్కలేదు.

పద్మమ్మకు కళ్ళు మసకలే కానీ చెవులు బాగానే పనిచేసేవి. చాలా దూరం పోయాక మేనత్త చేయి పట్టుకుంది.

"మన దయానందం... ఆ దినం నేను కుండకు అడ్డం కూసోకపోతే..."

"వానిది గత్తర రోగం అత్తమ్మా. గత్తరకు నీళ్ళు ఆగవు. పోసినా దక్కకపోతుండె."

"నిజంగనా?"

"నిజం."

పద్మమ్మ ఆ చేయి పట్నం దాకా వదలలేదట.

నాకు కోపం వచ్చింది. అంత బరువు ఒక్కతే మోయడమేమిటి? "ఆమెకు నిజం చెప్పాల్సింది కదా అత్తా!" అన్నాను.

"చెప్తే ఆమె కూడ చస్తుండె. వానిని బతికియ్యలే. ఆమెనన్న బతకనియ్యొద్దా?"

అని, నేను దూరంగా జరిపిన చెంబును దగ్గరికి లాక్కుని, నా పిల్ల నోట్లో ఒక చెంచా నీళ్ళు పోసింది.